నిండుకుంది

మేకలకు మూడు వీసాలు చాలనుకుంది వకుళ.

తెర మీద మేకల మంద తాపీగా మేస్తోంది. ఎగువనాడు వైపు నుంచి కంచె కింద దూరి వచ్చి, దిగువనాడు గట్టు మీద రాలిన తుమ్మకాయలు తిని, వచ్చిన దారినే పోయాయి. వెంట కాపరి లేడు. కాపరి లేకపోవడం మేకల తప్పు కాదు గనక ‘ఉద్దేశం’ అన్న గడిలో సున్న వేసి, ‘నష్టం’ అన్న గడిలో మూడు వీసాల తూకం వేసి, బొటనవేలు అద్దానికి ఆనించింది. పక్క బల్ల దగ్గర కోటిలింగంగారు కూడా అవే మేకల మీద తన బొటనవేలు ఆనించారు. ఇద్దరు తూనికరుల వేళ్ళూ పడ్డాక, ఎదురుగోడ మీద కారణాలను కొలిచే పుట్టిలో ముల్లు వెంట్రుకవాసి కదిలింది.

“పుట్టి మునగలేదుగా?” అన్నారు కోటిలింగంగారు. రోజూ అనేమాటే.

“లేదండీ, ఇంకా ఒడ్డు కనిపిస్తోంది,” అంది వకుళ. రోజూ చెప్పే జవాబే.

ఇవాళ మాత్రం చెబుతూ ముల్లు వైపు చూసింది. ముల్లుకీ ఎర్రగీతకీ మధ్య చిటికెనవేలు పట్టేంత సందు మిగిలింది. ఉగాదినాటికి అరచేయి పట్టేది. మృగశిర దాటినా ఎగువనాడు నుంచి రావలసిన వాటా నీళ్ళు రాకపోవడంతో, అప్పట్నుంచి ప్రతి చిన్నదీ కారణమై వచ్చి పుట్టిలో పడుతోంది. జాతర పాటలో దిగువవాళ్ళను వెక్కిరించిన చరణం. కుదిరి తప్పిపోయిన సరిహద్దు సంబంధం. గాలికి ఇటు కొట్టుకొచ్చిన జెండా. ఇప్పుడు మేకలు.

వెనకటి యుద్ధం ఎందుకు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఎవరో మంత్రిగారి కూతురి పెళ్ళిలో మర్యాద తక్కువైందని కొందరంటారు. ఒకరు చెప్పిన మాట ఇంకొకరికి ఇంకోలా వినిపించిందని కొందరంటారు. సరిహద్దున పారే జేగురేరు రెండు గట్లూ నేలకొరిగిన మనుషులతో నిండిపోయాక, ఇంతమంది ఏ కారణమూ లేకుండా పోయారన్న సంగతే బతికినవాళ్ళు తట్టుకోలేకపోయారు. అందుకే ఈ కారణశాల కట్టారు. ఇక మీదట యుద్ధం ప్రకటించే అధికారం ఏ మనిషికీ లేదు. కారణాలను తూనిక యంత్రం చదవాలి, ఇద్దరు మనుషులు తూకం ఒప్పుకోవాలి, పుట్టి నిండాలి. నిండిననాడు ఎవరూ ఎవర్నీ అడగనక్కర్లేదు. అన్నీ వాటంతటవే కదులుతాయి.

మాటల వల్లే కొంప మునిగిందన్న అనుమానంతో భాషకు కూడా కంచె వేశారు. దిగువనాడు పిల్లలంతా ఏకార్థ బడులకు వెళ్తారు. ఒక మాట, ఒక అర్థం. సామెతలూ, ఎత్తిపొడుపులూ, నాన్చుడు మాటలూ బడి గడప దాటి లోపలికి రావు. వకుళ ఆ బడిలోనే చదివి, ఆ తర్వాత కాలేజీలో తూనికశాస్త్రం చదివి, ఇక్కడికొచ్చింది.

“ఒక అనుమానమండీ,” అంది ఒకనాడు కొత్తలో. “పుట్టిలో కారణాలు వేస్తున్నాం సరే, తీసేదెట్లా?”

కోటిలింగంగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “కారణాలు వెతకమని ఇంత మేడ కట్టి, జీతాలిచ్చి కూర్చోబెట్టారమ్మాయ్. దొరక్కుండా ఎట్లా ఉంటాయ్? తీసే సంగతి ఎవరికీ తట్టలేదు.”

అప్పుడు నవ్వింది. అప్పటికి ఆమెకు పెళ్ళి కాలేదు.

ఇప్పుడు మెళ్ళో పసుపుతాడు రంగు ఇంకా దిగలేదు. నవ్వేవాటికి నవ్వడం మానలేదు గానీ, ముల్లు కదిలినప్పుడల్లా ఆ తాడు చేతికి తగిలేదాకా తడుముకోవడం అలవాటైంది. ఎందుకంటే ఆమె భర్త సుధన్వ కత్తెర ఆనకట్ట మీద తూముల పర్యవేక్షకుడు. ఆనకట్ట రెండు దేశాలకూ సరిగ్గా మధ్యన ఉంది. పుట్టి నిండిన క్షణాన దాని తలుపులు రెండు వైపులా మూసుకుంటాయి. లోపలివాళ్ళు లోపలే. తొలి దెబ్బ ఎవరు వేసినా అక్కడే పడుతుంది. నిబంధనల్లో దానికి ‘తొలి వరస’ అని పేరు. పెళ్ళిచూపుల్లో సుధన్వ తన ఉద్యోగం గురించి చెబుతూ, “సినిమాకి వెళ్తే వెనక వరసే ఇష్టం, ఉద్యోగంలో మాత్రం తొలి వరస వచ్చింది,” అన్నాడు. ఆ మాటకే అతను నచ్చాడు. ఇప్పుడు ఆ మాటే తలుచుకోకుండా ఉండాలని చూస్తోంది.

అతను ఇవాళ పొద్దున్నే వారం డ్యూటీకి వెళ్ళాడు.

వకుళ క్యారియర్ విప్పింది. పై గిన్నెలో దొండకాయ వేపుడు, మధ్య గిన్నెలో పప్పు, అన్నం. అడుగు గిన్నె మూత తీయకముందే నవ్వొచ్చింది. ఇంట్లో ఉన్న రోజు సుధన్వ అందులో చిన్న బెల్లంముక్క దాచిపెడతాడు. దాని గురించి అతను అనడు, ఈమె అడగదు. ఇవాళ రెండు ముక్కలున్నాయి. ఒకటి తింది. రెండోదాన్ని సాయంత్రానికని మళ్ళీ మూత పెట్టింది.

పప్పులో ఉప్పు సరిపోయింది. అది గుర్తొచ్చి మళ్ళీ నవ్వుకుంది.

కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు భ్రమరాంబ వంటింట్లోంచి కేకేశారు, “అమ్మాయ్, ఉప్పు నిండుకుందే!”

“మంచిదండీ అత్తయ్యా!” అంది వకుళ ఆఫీసుకు బయల్దేరుతూ. డబ్బా నిండుగా ఉందని కోడలికి చెప్పుకొని మురిసిపోయే అత్తగారు దొరికినందుకు దారంతా సంబరపడింది కూడా. సాయంత్రం ఉత్త చేతులతో ఇంటికొచ్చింది. ఆ పూట పప్పూ చప్పనే, పులుసూ చప్పనే. సుధన్వ తల దించుకుని తింటున్నాడు, భుజాలు మాత్రం కదులుతున్నాయి. చివరికి తట్టుకోలేక పొలమారి, నెత్తిన కొట్టుకుంటూ నవ్వాడు.

భ్రమరాంబగారు నోరు నొక్కుకున్నారు. “ఉప్పు నిండుకుందీ అంటే డబ్బాలో లేదనే పిచ్చిపిల్లా! ఇంట్లో ‘లేదు’ అనే మాట అనకూడదు. గడప వింటుంది. అందుకని నిండుకుందంటాం. మీ బడుల్లో ఇవి కూడా చెప్పరూ?”

“లేనిదాన్ని నిండుకుందనడం అబద్ధం కాదా అత్తయ్యా?”

“అబద్ధమెందుకవుతుంది, వినేవాళ్ళకి తెలిస్తే?”

భ్రమరాంబగారు ఎగువనాడులో పుట్టి, సరిహద్దుకు కంచె వేయకముందు దిగువకు కాపురానికి వచ్చిన మనిషి. ఇవాళ పొద్దున సుధన్వ చెప్పులు తొడుక్కుంటుండగా పక్కింటి కామాక్షిగారు గిన్నె పట్టుకుని వచ్చి, ఈవిడ దగ్గర నేర్చుకున్న మాటతోనే, “పంచదార నిండుకుంది వదినా,” అన్నారు. భ్రమరాంబగారు మారుమాట్లాడకుండా గిన్నె అందుకుని, గోపురంలా పోసి ఇచ్చారు. ఆవిడ వెళ్ళాక కోడలితో అన్నారు, “ఇచ్చేటప్పుడు గిన్నె అంచుకి తలకొట్టి ఇవ్వకూడదమ్మా. గోపురం కట్టి ఇవ్వాలి. ఆ గిన్నె కూడా చూడు, వట్టిగా తిరిగి రాదు.”

సుధన్వ గేటు దగ్గర ఆగి, “వస్తా,” అన్నాడు.

వెళ్తున్నవాడు వస్తాననడం కూడా ఏకార్థ బడిలో తప్పే.

*

గంట మోగింది. మేకలకు మోగే గంట కాదిది. వకుళ చేయి కడుక్కోకుండానే బల్ల దగ్గరికి పరుగెత్తింది.

తెర మీద ఎగువనాడు జలదూత పేరిందేవి. నెలనెలా నీళ్ళ చర్చలకు కనిపించే మనిషే. తెల్లజుట్టు ముడి, నుదుటిన పెద్ద బొట్టు, ఎప్పుడూ నిటారుగా కూర్చునేది. ఇవాళ కుర్చీ అంచున కూర్చుంది. దిగువ ప్రతినిధి ఏకార్థంలో, అక్షరం పొల్లుపోకుండా అడిగాడు, “వాటా నీరు ఎందుకు విడుదల చేయలేదు? జలాశయం స్థితి తెలపండి.”

పేరిందేవి కాసేపు చేతులు చూసుకుంది. “మా ఏనుగుమడుగు నిండుకుందండీ. ఇంతకంటే నోరు తెరిచి ఏం చెప్పమంటారు? ఇక మీ ఇష్టం,” అంది.

ప్రతినిధి నమస్కారం కూడా పెట్టకుండా తెర ఆపేశాడు.

కింద తూనిక తన చదువు చదివింది: ‘జలాశయం నిండుగా ఉన్నట్టు ఒప్పుకోలు. నీరుండీ వాటా నిరాకరణ. చర్చలకు ముగింపు. తూకం: మిగిలిన సందు మొత్తం.’

వకుళ ‘నిండుగా’ అన్న మాట దగ్గర ఆగింది. పక్కకు చూసేసరికి కోటిలింగంగారి బొటనవేలు అప్పటికే అద్దం మీంచి లేస్తోంది.

“కోటిలింగంగారూ! అప్పుడే వేశారా?”

“వెయ్యక? స్పష్టంగా చెబుతోంటే! పొలాలన్నీ ఎండి ఏడుస్తుంటే మడుగు నిండిందని మొహమ్మీద చెప్పింది చూడు, ఎంత గర్వం!” ఆయన చూపు పుట్టి మీదే ఉంది.

“నిండిందనలేదండీ. నిండుకుందంది.”

“తేడా ఏమిటి?”

వకుళ చెప్పింది. ఉప్పు సంగతీ, చప్పటి పప్పు సంగతీ, గడప వినడం సంగతీ చెప్పింది. చెబుతున్నకొద్దీ కోటిలింగంగారి మొహంలోకి ఎక్కడో పాతమూల నుంచి ఏదో జ్ఞాపకం పాక్కుంటూ వచ్చింది.

“మా నాయనమ్మ...” అన్నారాయన. “దీపం ఆరిపోయిందనేది కాదు. కొండెక్కిందనేది. కొండ మీద ఎక్కడుందా అని చిన్నప్పుడు వెతికేవాణ్ణి.” కుర్చీలో వెనక్కి వాలిపోయారు. “అంటే మడుగులో నీళ్ళు లేవా? అయ్యో. వేసిన వేలు వెనక్కి రాదే!”

పైనుంచి చూసి తేల్చుకునే వీల్లేదు. ఎండకు నీళ్ళు ఆవిరైపోకుండా రెండు దేశాలూ జలాశయాల మీద తెల్లటి ఆవిరిచాపలు పరిచాయి. మడుగు నిండినా చాప తెల్లగానే ఉంటుంది, ఎండినా తెల్లగానే ఉంటుంది.

“నా వేలు వెయ్యను,” అంది వకుళ.

“వెయ్యకపోతే పొద్దు వాలేలోగా పై అంతస్తు నుంచి ఇంకో తూనికరి దిగుతాడు. వాడికి ఉప్పు కథ తెలియదు.”

వకుళ ఆనకట్టకు ఫోను చేసింది. అవతల మోటారు రొద, ఆ రొద మీంచి సుధన్వ గొంతు.

“అబ్బో, పట్టపగలే ఫోను! బెల్లం తిన్నావా?”

“తిన్నా. ఏం చేస్తున్నావ్?”

“ఎత్తిపోతల మోటార్లకి నూనె పెడుతున్నా. రెండు దేశాలూ ఒకటిగా ఉన్నప్పుడు నీళ్ళని పైకి తోయడానికి పెట్టినవి. ఇప్పుడెవరికీ అక్కర్లేదు. కానీ తుప్పు పడుతుంటే చూడలేం కదా. ఏంటి, గొంతలా ఉందేం?”

“ఏం లేదు. అవతలి గట్టున ఏం కనిపిస్తోంది?”

రొద ఆగింది. మోటారు ఆపినట్టున్నాడు. “అది అడక్కు వకుళా. చూశానంటే చెప్పాలి, చెబితే పుట్టిలో వేస్తారు.”

“నేను అడుగుతున్నా. తూనికరి కాదు.”

అతను గొంతు తగ్గించాడు. “బిందెలు. రోజూ పొద్దున్నే ఆడవాళ్ళు కంచె దాటి మన మడుగులోకి దిగి ముంచుకుపోతున్నారు. పసిపిల్లల్ని చంకనేసుకుని. అంత పొద్దున మేమందరం అటు తిరిగి కొంగల్ని లెక్కపెడుతూ ఉంటాం. కొంగల్ని లెక్కపెట్టడం నేరమా?”

“కాదు.”

“ఏమైందో చెప్పవా?”

“ఇంటికొచ్చాక.”

“సరే. ఉంటా మరి.”

ఫోను పెట్టేసేవాడు ఉంటానంటాడు. గుమ్మం దాటేవాడు వస్తానంటాడు. ఆరిన దీపం కొండెక్కుతుంది, ఖాళీ డబ్బా నిండుకుంటుంది. ఈ మనుషులు పోవడాన్నీ లేకపోవడాన్నీ పేరుపెట్టి పిలవడానికి ఎంత భయపడ్డారో, ఆ భయాన్ని ఎంత ముద్దుగా దాచుకున్నారో అనిపించి వకుళకు కళ్ళు చెమ్మగిల్లాయి. ఏడవడానికి టైము లేదు.

“పరీక్షపళ్ళెంలో పెట్టి చూద్దాం,” అంది. “సరైన అర్థం ఇస్తే తూకం తగ్గాలి కదా.”

పరీక్షపళ్ళెం అసలు పుట్టిని కదిలించదు, ఏమవుతుందో చెబుతుంది. కోటిలింగంగారు ‘నిండుకుంది’ పక్కన ‘ఖాళీ అయింది’ అని కొట్టారు. తూనిక ఒక్క ఊపిరి సేపు ఆలోచించింది.

‘పొరుగుదేశం జలాశయం ఖాళీ. దాహంతో ఉన్న జనం. మన ఆనకట్ట, మన కడలిమరలు వాళ్ళకు అవసరం. వాళ్ళే ముందుగా దాడి చేసే అవకాశం ఎక్కువ. వాళ్ళు బలహీనంగా ఉన్న ఈ సమయం మనకు అనుకూలం. తూకం: పుట్టి నిండి పొర్లుతుంది.’

కిటికీ బయట, సముద్రపు నీటిని తీపి చేసి ఆనకట్ట మడుగుకు పంపే కడలిమరలు దూరంగా, తాపీగా తిరుగుతున్నాయి.

“అంటే,” అన్నారు కోటిలింగంగారు, “నిండినా యుద్ధమే, ఎండినా యుద్ధమే.”

అబద్ధం యుద్ధం తెస్తుందని వకుళకు బడిలో నేర్పారు. నిజం కూడా తెస్తుందని ఎవరూ చెప్పలేదు. తాను ఇప్పుడు నిజాన్ని పైవాళ్ళకు చేరవేస్తే, సుధన్వ నెత్తిన పడేదాన్ని తన చేత్తోనే తోసినట్టు.

పసుపుతాడు తడుముకుంది. కామాక్షిగారు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడడం కళ్ళముందు కదిలింది. పంచదార నిండుకుంది వదినా. అత్తగారు అది నిజమా అబద్ధమా అని చూడలేదు. డబ్బా ఎంత నిండింది, ఎంత ఎండింది అని కూడా అడగలేదు. చేయి చాపి గిన్నె అందుకున్నారు.

“కోటిలింగంగారూ, అది కబురు కాదండీ.”

“మరి?”

“అడగడం. ఆవిడ మనల్ని అడిగింది. ‘లేదు’ అనలేక, ‘ఇవ్వండి’ అనలేక, అట్లా అడిగింది. మనం దాన్ని కబురనుకుని చదువుతున్నాం.”

కోటిలింగంగారు తల గిర్రున తిప్పి ఆమె కళ్ళలోకి చూశారు. తర్వాత బల్ల చివర, ఎప్పుడూ ఎవరూ ముట్టని మూల వైపు చూశారు. దుమ్ము పట్టిన గాజుమూత కింద చిన్న గుర్తు, పళ్ళెం ఆకారంలో.

“ఎదురుపళ్ళెం,” అన్నారు. “కారణశాల కట్టినవాళ్ళలో ఒకావిడ పట్టుబట్టి పెట్టించిందట. అవతలివాళ్ళు అడిగినవి అందులో పెట్టాలి. అందులో ఉన్నంతసేపూ పుట్టి కదలకూడదు. నేను ఉద్యోగంలో చేరాక ఎవరూ వాడలేదు.”

“ఎందుకని?”

“అందులో పెట్టామంటే, వాళ్ళు అడిగారని ఒప్పుకున్నట్టు. ఒప్పుకుంటే ఇవ్వడమో, లేదు పొమ్మనడమో చెయ్యాలి. దానికంటే పుట్టిలో వెయ్యడం తేలిక.” ఆయన గొంతు ఇంకా తగ్గింది. “ఇంకో షరతుంది. పళ్ళెంలో మొదట పెట్టిన మనిషే జవాబులన్నీ చెప్పాలి. పై అంతస్తులో కూర్చునే పైసభ బహిరంగంగా కాదనేదాకా అది దేశం మాటగా చెల్లుతుంది. ఆలోచించుకో అమ్మాయ్. ఎగువ ఆడపడుచు ఇంటి కోడలివి. రేపు నిన్ను ఏమంటారో తెలుసా?”

“తెలుసు.”

“పెళ్ళయి ఇంకా...”

“అందుకేనండీ.”

గాజుమూత మొరాయించింది. కోటిలింగంగారే లేచి వచ్చి, పైపంచె కొంగుతో దుమ్ము తుడిచి, రెండు చేతులా మూత ఎత్తి పట్టుకున్నారు. వకుళ పేరిందేవి వాక్యాన్ని తెర మీంచి వేలితో లాగి పళ్ళెంలో వదిలింది.

గంటతో పాటు పుట్టి మీద వెలిగిన ఎర్రదీపం ఆరిపోలేదు. మినుకుమంటూ నిలబడింది. పై అంతస్తులో ఎక్కడో కుర్చీలు జరిగిన చప్పుడైంది. జవాబు లైను దానంతటదే తెరుచుకుంది.

పేరిందేవి ఇంకా అదే కుర్చీ అంచున ఉంది. వెనకాల మనుషులు అటూ ఇటూ పరుగులు పెడుతున్నారు. యుద్ధం కబురు వినడానికి సిద్ధపడ్డ మొహంతో ఆవిడ తల ఎత్తింది. ఎదురుగా మెడలో కొత్త పసుపుతాడుతో, చేతికి పప్పు మెతుకులతో ఒక చిన్నపిల్ల.

వకుళ నోట్లో ఏకార్థ వాక్యాలు వరసకట్టాయి. ‘మీ అభ్యర్థన స్వీకరించబడింది.’ ‘దిగువనాడు పరిశీలిస్తుంది.’ అన్నిటినీ మింగేసింది.

“వదినగారూ,” అంది. “గిన్నె పంపించండి.”

పేరిందేవి కదల్లేదు. “ఏమన్నావమ్మా?”

“నిండుకుందన్నారుగా. గిన్నె పంపించమంటున్నాను. ఏ గిన్నె అయినా ఫర్వాలేదు.”

పెద్దావిడ చేయి మెల్లగా పమిటకొంగు మీదికి పోయింది. వెనకాల పరుగులు పెడుతున్నవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు.

“ఎవరింటి పిల్లవమ్మా నువ్వు?”

“భ్రమరాంబగారి కోడల్నండీ. మా అత్తయ్య పుట్టిల్లు మీ వైపే, రేగుపాలెం.”

“అదీ సంగతి! ఈ మాట ఆవిడ నేర్పిందన్నమాట.”

“చప్పటి పప్పు తినిపించి నేర్పారండీ.”

పేరిందేవి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఎక్కడో తెగి, గొంతులో ఇంకోలా మారింది. కొంగుతో మొహం ఒత్తుకుని మళ్ళీ నిటారుగా కూర్చుంది. “వానలు పడనీ తల్లీ. మా గిన్నె వట్టిగా తిరిగి రాదు. పైన మా వాళ్ళతో నేను చెప్పుకుంటాను, కింద మీ వాళ్ళతో నువ్వు చెప్పుకో. వస్తానమ్మా.”

వెంటనే గంట మోగింది. తూనిక చదివింది: ‘వస్తాను. సరిహద్దు దాటి వచ్చే ఉద్దేశం. తూకం: మిగిలిన సందు మొత్తం.’

వకుళ చేయి కదిలేలోపు కోటిలింగంగారు వంగి, ఆ మాటను కూడా లాగి ఎదురుపళ్ళెంలో పడేశారు.

“చెప్పు, జవాబు చెప్పు,” అన్నారు. “దీనికి మా నాయనమ్మ ఏమనేదో నాకు గుర్తుంది గానీ, ఏడుపొస్తోంది. నువ్వే చెప్పు.”

“మంచిదండీ,” అంది వకుళ తెరలోకి. “వెళ్ళిరండి.”

ఆవిడ మాయమైంది. పుట్టి ముల్లు ఎర్రగీతకు ఆ చిటికెనవేలి దూరంలోనే, ఎటు కదలాలో తెలియని పురుగులా వణుకుతోంది. మెట్ల మీద బూట్ల చప్పుడు. ఒకరిద్దరివి కాదు, సభ మొత్తం దిగివస్తున్నట్టుంది. తలుపు తట్టడానికి ఇంకా ఒక మలుపు ఉంది.

ఫోను మోగింది.

“వకుళా!” సుధన్వ రొప్పుతున్నాడు. “దేశం మాట అని ఇక్కడ తెర మీద మీ మాటలన్నీ వచ్చాయి! నీళ్ళు పైకి తోయడానికి మా వాళ్ళందరూ మోటార్ల దగ్గరే నిలబడి నన్నే చూస్తున్నారు. తలుపులు తెరిచే ఉన్నాయి. పైనుంచి ఇంకా ఎవరూ ఏమీ అనలేదు. నువ్వేమో గిన్నె అన్నావు. గిన్నె అంటే ఎంత?”

సరిగ్గా అప్పుడే తూనిక తెర మీద కొత్త అక్షరాలు వచ్చాయి. అది ఇన్నేళ్ళలో తూకాలు చెప్పిందే గానీ, దేని గురించీ మనిషిని అడిగి తెలుసుకోలేదు.

‘గిన్నె. ఈ కొలత నాకు తెలియదు. ఎంత?’

బూట్ల చప్పుడు తలుపు దగ్గర ఆగింది. కోటిలింగంగారు లేచి వెళ్ళి, తన వయసుకి తగని చురుకుతనంతో తలుపుకి వీపు ఆనించి నిలబడ్డారు.

వకుళ అడుగు గిన్నె మూత తీసి, రెండో బెల్లంముక్క నోట్లో వేసుకుంది. ఫోనులో భర్తకు వినిపించేలా పైకి చదువుతూ, తూనికకు జవాబు కొట్టింది.

“గోపురం కట్టి.”